నాలుగింటి బిల్డ్

"ఇవాళైనా బిల్డ్ ఇస్తారా, ఇక్కడే కాపురం పెట్టమంటారా?"

టెస్టింగ్ అమ్మాయి గొంతు. అతను తెర మీంచి చూపు తిప్పకుండానే పక్క కుర్చీ ఇటు జరిపాడు.

"ఇరవై నిమిషాలు. కూర్చోండి."

అందరూ రాసిన కోడును ఒకచోట చేర్చి, పరీక్షించడానికి వీలుగా తయారుచేసి ఇవ్వడం అతని పని. అందుకే ఆఫీసులో అతను బిల్డుబాబు. ఆ తయారైనదాంట్లో తప్పులు పట్టడం ఆమె పని. రోజూ నాలుగింటికి వచ్చేది. మెషీన్ తన పాట్లు తాను పడుతుంటే ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. నవ్వు వచ్చే ముందు ఆమె కింది పెదవి పంటితో పట్టుకుంటుందని తెలిసేటంత శ్రద్ధగా వినేవాడు.

ఈ పనంతా దానంతటదే జరిగిపోయే స్క్రిప్ట్ అతను రాసి మూడు వారాలైంది. ఎవరు కోడు చేర్చినా బిల్డ్ తయారై నేరుగా ఆమె మెషీన్‌కి చేరుతుంది. ఎవరూ ఎవరి దగ్గరికీ రానక్కర్లేదు.

అందుకే దాన్ని ఆన్ చెయ్యలేదు.

ఆ రోజు ఆమె కూర్చోలేదు.

"మేనేజర్ గారు చీవాట్లు పెట్టారు. టెస్టింగ్ ఆలస్యమవుతోందట. ఇలాగైతే నన్ను వేరే ప్రాజెక్టుకి పంపేస్తారట."

అతని వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"తప్పు నాది."

"మీదేముంది, మెషీన్ నిదానం."

"మెషీన్‌ది కాదు." స్క్రిప్ట్ తెరిచి చూపించాడు. ఆమె తారీఖు చూసింది.

"మూడు వారాలా! నేను తిట్లు తింటుంటే మీరు దీన్ని గుడ్డు పొదిగినట్టు పొదుగుతున్నారా?"

"ఆన్ చేస్తే మీరు రారు."

ఆమె గిరుక్కున వెనుదిరిగింది. వెళ్ళిపోయింది.

అతను స్క్రిప్ట్ ఆన్ చేశాడు. లేచి మేనేజర్ గదికి వెళ్ళి, ఆలస్యం తనవల్లేనని చెప్పాడు. ఆఫీసంతా వినేలా పావుగంట తిట్లు తిని బయటికొచ్చాడు.

మర్నాడు నాలుగైంది. ఎవరూ రాలేదు. కిటికీ అద్దాల మీద సన్నగా వాన. చాలాసేపు ఎదురుచూసి, లేచి ఆమె బల్ల దగ్గరికి నడిచాడు.

"బిల్డ్ పొద్దున్నే అందింది," అందామె తలెత్తకుండా.

"తెలుసు."

"మరెందుకొచ్చారు?"

"మీరంటే ఇష్టం. అది చెబుదామని."

ఆమె చేతిలో మౌస్ ఆగింది. తెర కట్టేసి, గొడుగు అందుకుని లేచింది.

"ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఇద్దరికీ చీవాట్లు తప్పేవి కదండీ! మిగతా తిట్లు టీ తాగుతూ తిడతాను, పదండి."