తెల్లటి సంచి

పార్కు గేటు పక్కన కాపలాదారు గది ఉంది. అందులో ఒక బల్ల, ఒక గొడుగు, గోడకు కొండదారుల పటం. మొదటి మలుపు దాకా పటం మీద జనం వేళ్లు తగిలి తగిలి రంగు పోయింది. అక్కణ్ణుంచి పైకి రంగు కొత్తగానే ఉంది. ఎక్కువమంది ఆ మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతారన్నమాట. మేం తిరగం.

"మధ్యాహ్నానికి పొగమంచు దిగుతుందమ్మా. ఈలోపే వచ్చెయ్యండి," అన్నాడు కాపలాదారు.

"పోయినేడూ ఇదే చెప్పావు," అంది నా స్నేహితురాలు.

"పోయినేడూ దిగింది కదమ్మా."

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నేను పత్రికలో వేరేవాళ్లు రాసిన వార్తలు దిద్దీ దిద్దీ రిటైరయ్యాను. నేనామెను సిస్టరు అంటాను. ఆమె నన్ను పేపరు అంటుంది. ఏటా ఇదే వారం ఈ కొండ ఎక్కుతాం. పిట్టలను పట్టి, కాలికి అంకెలున్న రింగు వేసి వదలడం ఆమెకు పిచ్చి. అందుకు అనుమతి కూడా ఉంది. సంచి మొయ్యడం, వెక్కిరించడం నా పని.

ముందు చెట్ల మధ్య సన్నటి వల కడుతుంది. దాని పోగు కంటికి ఆనదు. తర్వాత తనకు కావలసిన పిట్ట కూతనే ఈల వేస్తుంది. నా చోటులోకి ఎవరొచ్చారా అని పిట్ట వస్తుంది, చిక్కుకుంటుంది. దాన్ని తెల్లటి గుడ్డసంచిలో వేస్తుంది. లోపల ఏమీ కనబడక అది చప్పబడిపోతుంది. అప్పుడు మెల్లగా రింగు వేసి వదిలేస్తుంది.

"పాపం కాదుటే?"

"నర్సు చెయ్యే ఇది. నొప్పి తెలీదు. మళ్లీ వస్తాయో రావో చూడాలి కదా."

"వస్తాయా?"

"చాలావరకు. అదే చెట్టుకి, అదే వారానికి. ఎందుకొస్తున్నాయో వాటికే తెలీదు."

ఆ పొద్దున పడ్డది పిడికెడైనా లేని బూడిదరంగు పిట్ట. దాని కాలికి అప్పటికే రింగుంది.

"పాత నేస్తమే! చూడు, అంకెలు అరిగిపోయాయి. కొత్త రింగయితే తళతళలాడుతుంది. ఇలా అరగాలంటే ఏళ్లు పడుతుంది." అంతలో అది ఆమె వేలు రక్తం వచ్చేలా పొడిచింది. "మిగతావన్నీ ఊరుకుంటాయి. దీనికి పౌరుషం ఎక్కువ," అంది వేలు చప్పరిస్తూ, సంబరంగా. వదిలేశాక దాని వెనకాలే ఒక ఈల వేసింది.

వల చుట్టి సంచిలో పెడుతుండగా పొగమంచు వచ్చింది. ముందు లోయ పోయింది. తర్వాత ఎదుటి చెట్లు పోయాయి. తడి నాచు వాసన. ఆకుల మీంచి చుక్కలు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో ఎక్కడో ఒక ఈల. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

సిస్టరు తలెత్తింది.

"ఏ పిట్టే అది?"

"తెలీదు."

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినలేదు.

"తెలీకపోతే వదిలెయ్. బస్సు పోతుంది."

"తెలీనిదాన్ని వదిలెయ్యడానికా మోకాళ్లు అరగదీసుకుని ఇంత పైకొచ్చింది?" అంటూ తిరిగి అదే ఈల వేసింది.

జవాబు దగ్గర్నుంచి వచ్చింది. ఆమె అటు నడిచింది. మళ్లీ ఈల... ఇంకా దగ్గర్లో. నేను ఆమె భుజం పట్టుకుని వెంట నడిచాను. కాలికింద రాయి పోయి నాచు మెత్తగా తగిలినప్పుడు గాని దారి తప్పామని తెలియలేదు.

ముఖానికి ఏదో తగిలింది. సాలెగూడనుకుని తుడుచుకున్నాను. చేతికి ఏమీ రాలేదు. భుజానికి తగిలింది. మోకాలికి తగిలింది. లాగాను. బిగిసింది.

పొగమంచు మా మీదికి ముడుచుకుంది. చల్లగా లేదు. ఉతికి ఆరేసిన గుడ్డ వాసన వేస్తోంది. చుక్కల చప్పుడు ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినబడలేదు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. నాకు భయం పోయింది. హాయిగా నిద్రొచ్చింది.

"పేపరూ..." చెవిలో గుసగుస. "నిద్రపోకే..."

"ఏం?"

"ఇది... నా పద్ధతే."

అప్పుడే ఏదో నన్ను పట్టుకుంది. నడుం చుట్టూ. వెచ్చగా. పక్కటెముకలు నలగకుండా, ఎంత పట్టు కావాలో అంతే. బాగా అలవాటున్న చెయ్యి... చెయ్యే అయితే.

పక్కన సిస్టరు గొంతు నా తలకంటే పైనుంచి వినబడింది.

"నా కాలు... కాలు సాగదీస్తోందే..."

దెయ్యం వార్తలు తెచ్చిన కుర్రవాళ్లను సాక్షి ఎవరని అడిగి వెనక్కి పంపినదాన్ని నేను. ఇప్పుడు నేనే సాక్షిని. నాకు ఒళ్లు మండింది.

"పొడువు!" అని అరిచాను. "సిస్టరూ, పొడువవే!"

తల వంచి నోటికి అందినదాన్ని కొరికాను. పళ్లు దిగాయి. ఉప్పగా ఉంది. పైన ఆమె రింగులు వేసే ప్లయరుతో దేన్నో బాదుతోంది.

"వార్డు మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపినదాన్నిరా నేను! నన్ను పట్టుకుంటావట్రా? చెయ్యి విరగ్గొడతా!"

పట్టు సడలింది. విసిరెయ్యలేదు. జాగ్రత్తగా దించింది. వదిలింది.

వెనకనుంచి మళ్లీ ఆ ఈల. ఈసారి సంబరంగా.

పడుతూ లేస్తూ గేటు చేరేసరికి కింద ఎండ కాస్తోంది. కాపలాదారు గది ముందు అరుగు మీద కూలబడి సిస్టరు బూటు విప్పింది. లేసుకు పొద్దున తను వేసిన రెండు ముళ్లూ విప్పేదాకా చెక్కుచెదరలేదు. సాక్సు చిరగలేదు. సాక్సు కింద, చీలమండ మీద, సన్నటి లోహపు రింగు. ఎక్కడా అతుకు లేదు. కాపలాదారు ఆకురాయి తెచ్చి రాశాడు. గీత కూడా పడలేదు.

"పొద్దున స్నానం చేసినప్పుడు లేదే," అంది. కాలిని ఎండలోకి తిప్పింది. చాలాసేపు చూసింది. "కానీ చూడు..."

రింగు తళతళలాడటం లేదు. అంకెలుండే చోటు నున్నగా అరిగిపోయి ఉంది.

ఏటా ఇక్కడికే. ఏటా ఇదే వారం. ఎందుకొస్తున్నామని ఇన్నేళ్లలో ఒకరినొకరం అడగలేదు.

"నీ బూటు విప్పు," అంది.

"విప్పను."

"పేపరూ!"

"విప్పనన్నానా? ఉంటే ఉంది, లేకపోతే లేదు. వచ్చే ఏడు మాత్రం ఇటు తొంగి కూడా చూడం."

ఆమె ఒంటికాలి బూటుతోనే లేచి నిలబడింది. కొండకేసి తిరిగి, "చూడం పో!" అని అరిచింది.

ఈ ఏడు ఆ వారం వచ్చింది. బూట్లు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాను. పొద్దున్నే ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?"

"వంటింట్లో, కుర్చీలో. నువ్వు?"

"మంచం మీద. బయట తాళం వేయించి తాళంచెవి పక్కింటావిడకిచ్చాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది."

"చూపు కరెక్టే."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే కిందికి చూశాను. నా పాదాలు రెండూ వీధితలుపు వైపు తిరిగి ఉన్నాయి. తిప్పింది నేను కాదు. వాటిని కుర్చీ కోళ్ల చుట్టూ మెలేసి కూర్చున్నాను.

"ఫోను పెట్టకు. వారమంతా ఇలాగే ఉందాం," అన్నాను.

"ఉందాం. ప్రతి ఏడూ ఉందాం."

అంతలో ఆమె గొంతు తగ్గించింది.

"పేపరూ... నీ వెనక ఈల వేస్తున్నదెవరే?"

ఇంట్లో నేనొక్కదాన్నే. నాకేమీ వినబడలేదు.

"ఎవరైతేనేం," అన్నాను వెనక్కి తిరక్కుండా. "నా పళ్లన్నీ ఇంకా సొంతవే."

ఆ పొద్దున నేను బట్టలేవీ ఉతకలేదు. అయినా వంటింటి నిండా ఉతికి ఆరేసిన గుడ్డ వాసన...