అంగుళం దిగిన భుజం

పైడిరాజు గీసిన మగవాడి బొమ్మలో ఎడమ భుజాన్ని పాడుచేసింది అతని భార్య సింహాలు. అందులో వాదనకు తావు లేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. అతను ఇంకా క్షమించలేదు.

మగవాడి అందమంతా భుజాల గీతలో ఉందని పైడిరాజు నమ్మకం. ఆ గీత మీద నిండుగ్లాసు పెడితే చుక్క తొణకకూడదు. దేశంలోని మగవాళ్లందరికీ అచ్చుగా ఒక్క బొమ్మ కావాలని రూపుతొడుగుల కర్మాగారం పోటీ పెట్టినప్పుడు అలాగే గీశాడు. కవరులో పెట్టేముందు సింహాలు రబ్బరుతో చెరిపి, ఎడమ భుజం అంగుళం దించింది. చెప్పకుండా పంపేసింది. ఆ బొమ్మే గెలిచింది. భుజం సరిచేయమని పైడిరాజు అప్పటినుంచి కర్మాగారానికి ఫిర్యాదు రాస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు చొక్కా కింద రూపుతొడుగు లేని మగాడు అరుదు. తొడిగిన గంటలో అది కండనూ వెన్నునూ లాగి బొమ్మకు సరిపెడుతుంది. ఆ ఉదయం బొబ్బిలి గాలిబస్సుల స్టాండులో కండక్టరు, పూలవాడు, పోలీసు, ముగ్గురూ ఒకే ఛాతీతో, ఒకే పక్కకు ఒరిగి నిలబడ్డారు. పైడిరాజు పళ్లు నూరాడు.

"మీ ఫిర్యాదు ఇన్నాళ్లకు ఒప్పుకున్నారండి," అంది కర్మాగారం నుంచి వచ్చిన ఇందుమతి, టీకొట్టు ముందు కొలతద్దం నిలబెడుతూ. "కొత్త కొలత మీ ఒంటి మీదే తీస్తాం. తొడుగు విప్పి నిటారుగా నిలబడండి."

"నానెప్పుడూ ఏసుకోనేదు. ఆ వంకర నాకేల?"

రొమ్ము విరిచి నిలబడ్డాడు. అద్దంలో ఎర్రగీత పడింది. ఎడమ భుజం అంగుళం కిందికి ఉంది.

"అద్దం పాడైంది," అన్నాడు.

టీకొట్టు గౌరమ్మ పకపకా నవ్వింది. "అద్దానికేటి రోగం? సింహాలు పొట్టిది, నీ సంక కాడికే వచ్చీది. దాని మాట ఇనడానికి ముప్పైయేళ్లు అటే వంగినావు, బావా. అది నిన్నే గీసింది."

పైడిరాజు తువ్వాలుతో అద్దం తుడిచి మళ్లీ చూశాడు. గౌరమ్మ ఆగలేదు.

"తొడుగేసిన కాడినుంచి మా ఆయన సెవి నా నోటికాడికే వస్తంది. పెళ్లైన పదేళ్లకి ఇప్పుడింటన్నాడు నా మాట! అది సరిసేస్తే ఊరుకుంటామేటి?"

టీకి నిలబడ్డ ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

ఇందుమతి వేలిముద్ర పలక చాచి ఏదో చెప్పింది. గాలిబస్సు ఈలలో వినబడలేదు. పొట్టిపిల్ల. పైడిరాజు ఎడమవైపు వంగాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"ఇక్కడ వేలు నొక్కితే రేపటినుంచి అందరి భుజాలూ సమానమండి," అంది ఆమె అతని చెవిలో.

పలకను వెనక్కి తోశాడు.

"మరి మీ ఫిర్యాదండీ?"

"ఏ ఫిర్యాదు? టీ తాగి ఎల్లు తల్లీ. ఆ భుజం మాట నా కాడ ఇంకెవులూ ఎత్తకండి. నానూ ఎత్తను."

ఎత్తలేదు.