తొమ్మిది పేర్ల వాచీ

"పదకొండింటికి, నారాయణగూడ మెట్రో కింద. ఆ వాచీ చేతులు మారితే సరిహద్దు అవతల మనవాళ్లు తొమ్మిది మంది బతకరు."

చిక్కడపల్లి సేఫ్ హౌస్‌లో చీఫ్ సూర్యనారాయణమూర్తి ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ ఫణికిరణ్ తలూపాడు. నలభై ఏళ్ల నాటి జపాన్ డిజిటల్ స్పోర్ట్స్ వాచీ అది. మెమరీలో యాభై ఫోన్ నంబర్లు పడతాయి. ఇప్పుడందులో ఉన్నవి ఆ తొమ్మిది మంది పేర్లు, నంబర్లు. ఏ స్కానర్ చూసినా అది పాత సామానే.

ఆ వాచీల పిచ్చి ఫణికి అంటించింది మూర్తిగారే. పాత వాచీ పుచ్చుకునే ముందు వెనక మూత విప్పించి, బ్యాటరీ తీయించి, తుప్పుందేమో చూడమనేవారు. ఫణి చేతికున్న వాచీ కూడా ఆయన కానుకే.

మెట్లు దిగుతుంటే తేజస్వి ఫోన్ చేసింది. విదేశీ ముఠాలో వాచీల నిపుణురాలిగా చేరిన డబుల్ ఏజెంట్ ఆమె. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, జూకాల్లో రికార్డర్. చోటు నారాయణగూడ కాదు, అశోక్ నగర్‌లో మంజుల టీకొట్టు అంది. అమ్మేవాడి పేరు తెలియదు గానీ, వాచీ ముట్టుకునే ముందు తెల్ల రుమాలు పరుస్తాడట.

ఫణి తన చేతి వాచీ వంక చూసుకున్నాడు. అలా రుమాలు పరిచే మనిషి అతనికి తెలిసి ఒక్కడే, దాన్ని కానుకిచ్చినాయన.

"ఆయనకేం ఇస్తున్నారు?"

"ఎనభై రెండు నాటి స్పోర్ట్స్ వాచీ సర్. ముళ్లూ అంకెలూ రెండూ ఉన్నది. ఒక్కరోజు కూడా ఎవరూ పెట్టుకోలేదు."

తొమ్మిది ప్రాణాలకి ఒక వాచీ. డబ్బుకి గడ్డి తినేవాళ్లని ఫణి చాలామందిని చూశాడు. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ముందే పట్టుకుంటే వాచీ మార్చుకోవడానికి వచ్చానంటాడు. ఇచ్చాక పట్టుకుంటే, ఆ పది సెకన్లలో పేర్లన్నీ ఫోటోలెక్కుతాయి. ఫణి ఒక్కటే చెప్పాడు. "ఆయన పద్ధతి ఆయన వాచీకే పెట్టు."

పదకొండుకి ఐదు నిమిషాలు. పరీక్షలకి చదివే కుర్రాడి వేషంలో ఫణి టీకొట్టు చేరాడు. మాసిన చొక్కా, మొహానికి అడ్డంగా లావుపాటి గ్రూప్ టూ గైడు. మంజుల అతన్ని చూసి జాలిపడి టీ కాస్త ఎక్కువే పోసింది. పక్క బల్ల దగ్గర మూర్తిగారు, ఒక పొడుగాటి విదేశీయుడు, తేజస్వి.

"వాన పడేలా ఉంది," అంది తేజస్వి మూర్తిగారితో.

"గొడుగు ఒసాకాలో మర్చిపోయాను."

కోడ్ కలిసింది. రుమాలు పరుచుకుంది. కొత్త వాచీ మూత విప్పి బ్యాటరీ తీయమన్నారు మూర్తిగారు. తేజస్వి తీసింది. లోపల తుప్పు చుక్క లేదు. ఆయన కళ్లు చెమర్చాయి. భూతద్దం పెట్టుకుని డయల్ మీదికి వంగిపోయారు.

"మరి మీది కూడా చూడాలి కదండీ," అని తేజస్వి రెండో వాచీ మూత విప్పేసింది.

మూర్తిగారు తలెత్తేసరికి బ్యాటరీ రుమాలు మీద ఉంది.  విదేశీయుడు వాచీ లాక్కుని, బ్యాటరీ పెట్టించి, ఫోన్ కెమెరా దగ్గరగా తెచ్చి బటన్ నొక్కాడు. బ్యాటరీ తీయడంతోనే మెమరీ ఖాళీ అయిపోయింది. పేరు లేదు, నంబరు లేదు.

ఎదుట ఫుట్‌పాత్ మీద గైడ్లు అమ్ముతున్న నలుగురు కమాండోలు రోడ్డు దాటారు. బేడీలు పడుతుంటే మూర్తిగారు ఫణిని గుర్తుపట్టారు.

"ఫణీ, ఆ కొత్త వాచీ మీద గీత పడనీయకు నాయనా."

ఆ తొమ్మిది మంది మాటే ఎత్తలేదు. ఫణి తన చేతి వాచీ విప్పి, గ్లాసులు కడిగే బకెట్లో పడేశాడు.

మంజుల నోరు నొక్కుకుంది. "ఏందన్నా, మంచి గడియారం గట్ల పారేస్తివి. పరీక్షల టైమెట్ల చూస్తవ్?"

"పరీక్ష అయిపోయిందక్కా. తొమ్మిది మంది గట్టెక్కారు. మా సారే తప్పాడు."