ఈత రాని ఏఈ గారు

కాలువలో మునిగిపోతున్న మనిషి తనను కాపాడటానికే దూకాడన్న సంగతి, అతన్ని గట్టు మీదికి లాగేదాకా నాగజ్యోతికి తెలియలేదు.

ఆమె వంతెన దగ్గర మొదలుపెట్టి తూము వైపు ఎదురీదుతోంది. వెనక దబ్బుమని చప్పుడైంది. ఏ గేదో దిగిందనుకుంది. తిరిగి చూస్తే రెండు చేతులు, మెడలో ఐడీ కార్డు, మధ్యమధ్య ఒక నోరు. ప్యాంటూ, షర్టూ, బూట్లతో సహా మనిషి మునిగి తేలుతున్నాడు. నాలుగు బారల్లో వెళ్ళి వెనకనుంచి కాలరు పట్టుకుంది.

"కొట్టుకోకండి! బల్లలాగా వెల్లకిలా పడుకోండి, నేను లాగుతా."

"మీరు చావకండి..." అన్నాడతను నీళ్ళు మింగుతూ.

"నేనెందుకు చస్తాను? ముందు నోరు మూయండి, నీళ్ళు పోతున్నాయి."

గట్టు మీద పడ్డాక అతను చాలాసేపు దగ్గాడు. కళ్ళజోడు కాలువ పాలైంది.

"ఈత రానివాళ్ళు కాలువలో ఎందుకు దూకారండీ?" అని అడిగింది జ్యోతి.

అతను వేలితో చూపించాడు. గట్టు మీద మడతపెట్టిన చున్నీ, దాని మీద ఫోను, పక్కన ఒకే ఒక్క చెప్పు.

"అవి చూసి. రెండో చెప్పు నీళ్ళలో కొట్టుకుపోయిందనుకున్నా. కాలువ గట్టున ఇలాంటివి కనబడితే ఏమని అర్థమో మాకు డ్యూటీలో చేరిన రోజే చెప్పారు."

జ్యోతికి నవ్వు ఆగలేదు. "రెండోది ఇంట్లో కూడా లేదండీ. నాకు ఉన్నది ఒక్క కాలే."

గడ్డిలో ఉన్న చంకకర్ర అందుకుని లేచి నిలబడింది. అతను చూశాడు. చాలామందిలా చూపు పక్కకి తిప్పుకోలేదు. అయ్యో అనలేదు.

"మరి నన్నెలా లాగారు?"

"చేతులతో."

"అవును కదా" అన్నాడు. అతని పేరు కోటేష్. ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు. ఈ సెక్షన్‌కి వచ్చి తొమ్మిది రోజులైంది.

"కాలువ ఇంజనీరుకి ఈత రాదా!"

"మాది పర్చూరు వైపండీ. కాలువ చివరి భూములు. నీళ్ళు మా దాకా వస్తే కొబ్బరికాయ కొడతాం. ఈదేటన్ని ఎప్పుడొచ్చాయి?"

ఆ సాయంత్రం ఇంట్లో ఈ కథ చెప్పి జ్యోతి పడీపడీ నవ్వింది. వాళ్ళమ్మ సుబ్బరావమ్మ మాత్రం నవ్వలేదు. "పాపం, ప్రాణం అడ్డం వేశాడే" అంది మిరపకాయల తొడిమలు తీస్తూ.

జ్యోతికి పదేళ్ళప్పుడు పత్తి చేలో రక్తపింజరి కరిచింది. ప్రాణం దక్కింది గాని, కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఏడాదిపాటు పిల్ల గడప దాటకపోతే, తండ్రి వెంకటనారాయణ నడుముకి ఖాళీ నూనెడబ్బా కట్టి కాలువలో దింపాడు. అలా మొదలైంది. ఇప్పుడు ఇరవై అయిదేళ్ళు. రాష్ట్రం తరఫున ఈది మూడు పతకాలు తెచ్చింది. దేవుడు కాలు తీసుకుని ఈత ఇచ్చాడమ్మా అని ఊళ్ళోవాళ్ళు అంటే సుబ్బరావమ్మ ఒప్పుకోదు. "కాలు తీసుకోకుండా ఈత ఇవ్వలేకపోయాడా?" అని అడుగుతుంది. అడిగి, మళ్ళీ కోటప్పకొండ స్వామి పటం ముందు దీపం పెడుతుంది. రెండూ ఆమెకి నిజమే.

జ్యోతి ఇప్పుడు పట్టుకున్న పని చిన్నది కాదు. శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా, ముప్పై కిలోమీటర్ల సముద్రం ఈదాలి. అంత దూరానికి అనుమతి కావాలంటే, ఎవర్నీ దేన్నీ తాకకుండా పది గంటలు ఏకబిగిన ఈదినట్టు కోచ్ సంతకం పెట్టాలి. ఆ కాగితం మార్చి నెల దాటకుండా పంపాలి. గుంటూరులో ఈతకొలను ఉంది గాని, బ్యాచీకి గంటే. పది గంటలు ఎవరిస్తారు? అందుకే కాలువ.

నాలుగో రోజు పొద్దున కాలువ దగ్గరికి వెళితే, అక్కడ పచ్చిరంగు ఆరని బోర్డు నిలబడి ఉంది. 'ఇచ్చట ఈత కొట్టుట నిషేధం.'

మూడు చక్రాల స్కూటీ తిన్నగా సత్తెనపల్లి సెక్షన్ ఆఫీసు ముందు ఆగింది.

"మునిగింది మీరు. నిషేధం నాకా?"

కొత్త కళ్ళజోడు వెనక కోటేష్ ముఖం చిన్నదైంది. "జేబులో సర్వే కాగితాలు తడిసిపోయాయండీ. ఎందుకు తడిశాయో పై ఆఫీసరుకి రిపోర్టు రాయాలిగా. రాశా."

"కాలువలో దూకానని రాశారా?"

"మీరు బయటికి లాగారని కూడా రాశా. అది చదివి ఆయన బోర్డు పెట్టించారు."

"అబ్బా! కాలు జారి పడ్డానని రాయచ్చుగా!"

"జారలేదు కదండీ, దూకాను."

ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో జ్యోతికి తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, సముద్రం సంగతి, పది గంటల సంగతి, మార్చి సంగతి అన్నీ చెప్పింది. అతను పెన్ను పక్కన పెట్టి విన్నాడు. చివర్న గోడమీద క్యాలెండరు చూశాడు.

"నెలాఖరు సోమవారం కాలువకి నీళ్ళు కట్టేస్తారు. అంటే మీకున్న చివరి రోజు ఆ ముందు ఆదివారం. ఇరవై మూడు రోజులు."

ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. పావుగంట 'సార్, సార్' అన్న మాటలే వినిపించాయి. తిరిగి వచ్చేసరికి చెమట పట్టి ఉన్నాడు.

"ఒక్క రోజుకి పర్మిషన్ ఇస్తారట. షరతు ఏమిటంటే, ఈత వచ్చిన డిపార్ట్‌మెంటు మనిషి పొద్దున్నించీ గట్టు మీద ఉండాలి."

"కాలువ కాసే లస్కరు యేసుపాదం బాబాయి ఉన్నాడుగా. చేపలాగా ఈదుతాడు."

"ఆయన మోకాళ్ళ ఆపరేషనుకి సెలవు పెట్టాడు. సెక్షన్లో ఇక మిగిలింది నేనే." మళ్ళీ క్యాలెండరు చూసి అడిగాడు. "ఈత ఎన్ని రోజుల్లో వస్తుందండీ?"

"మా పక్కింటి మేకపిల్లకి ఒక్క పూటలో వచ్చింది."

"నేను బీటెక్. కాస్త ఎక్కువ పడుతుంది."

మర్నాటి నుంచి రోజూ పొద్దున ఆరింటికి, నడుము లోతు పిల్లకాలువలో ఏఈ గారికి పాఠాలు మొదలయ్యాయి. నడుముకి నూనెడబ్బా కట్టుకుని ఆయన దిగుతుంటే, మిరపకాయ కోతకి వెళ్ళే ఆడవాళ్ళు చేలకి పోవడం మానేసి గట్టున నిలబడేవారు.

"ఏమండోయ్ ఏఈ గారూ, డబ్బాలో నూనె ఉందా, మీరే ఉన్నారా?"

"రేపటినుంచి టిక్కెట్టు పెట్టవే జ్యోతీ!"

సుబ్బరావమ్మ గట్టు మీద చాటలో కాయలు పోసుకుని కూర్చునేది. కూతురికి తోడన్నట్టుగా వచ్చేది గాని, వారం తిరిగేసరికి ఆయన కోసం కూడా ఇడ్లీ కట్టుకొస్తోంది.

"తల నీళ్ళలో పెట్టండి. నీళ్ళలో! ఆకాశంలో ఏముంది?"

"గాలి ఉందండీ."

"ఊపిరి వదిలి మొహం ముంచండి. కాళ్ళు కొట్టండి. దేవుడు మీకు రెండు ఇచ్చాడు, రెండూ ఖాళీగా ఉంచుతారేంటి?"

అతను నవ్వడంతో నీళ్ళు మింగేశాడు. జ్యోతి తన కాలి మీద తనే జోకు వేస్తే, ఎదుటివాళ్ళు నవ్వాలా వద్దా అని తడబడటం ఆమెకి అలవాటు. ఇతను నవ్వేశాడు. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా ఆమె చెవుల్లోనే ఉంది.

పదిహేనో రోజు నూనెడబ్బా విప్పేశారు. ఆ రోజు గట్టున ఆరుతూ కూర్చున్నప్పుడు అడిగాడు. "సముద్రమే ఎందుకండీ?"

జ్యోతి జుట్టు పిండుకుంటూ చెప్పింది. "గట్టుమీద నడుస్తుంటే అందరూ నా కాలు ఎలా పోయిందని అడుగుతారు. నీళ్ళలో ఉంటే ఎంత దూరం ఈదానని అడుగుతారు. ఇంకా ఎక్కువ దూరం అడిగించుకుందామని."

అతను తల ఊపాడు. "ఇప్పటిదాకా ఒక్క రోజులో ఎంత దూరం ఈదారు?"

ఆమె చటుక్కున మొహం తిప్పుకుంది. బుగ్గలు వేడెక్కాయి. ఎండ అనుకుంది. ఏడున్నరకి అంత ఎండ లేదు.

ఆదివారం వచ్చింది. గుంటూరు నుంచి కోచ్ ఖాజావలి గారు తెల్లారేసరికి బైకు మీద దిగారు. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్. సరిగ్గా ఆరింటికి జ్యోతి నీళ్ళలోకి దిగింది. వంతెన నుంచి తూము దాకా ఎదురీత, తూము నుంచి వంతెన దాకా వాలు. అరగంటకొకసారి సుబ్బరావమ్మ వెదురుగడ కొసన సీసా కట్టి రాగిజావ అందించేది. గడ పట్టుకోకూడదు, సీసా ఒకటే అందుకోవాలి. మనిషిని తాకితే అంతవరకూ ఈదిందంతా పోయినట్టే.

ఆరు గంటలు సాఫీగా గడిచాయి. మధ్యాహ్నం పన్నెండు దాటాక పడమటి నుంచి మబ్బు లేచింది. ఆ ఊరి కళ్ళాల నిండా ఎర్రటి కాయ ఆరబోసి ఉంది. మొదటి చినుకు పడగానే గట్టు మీద జనం కాయ మీద కప్పే పట్టాల కోసం అరుస్తూ చెల్లాచెదురయ్యారు. వెంకటనారాయణ పరుగెత్తాడు. సుబ్బరావమ్మ ఒక అడుగు కళ్ళం వైపు, ఒక అడుగు కాలువ వైపు వేసి ఆగిపోయింది.

"అమ్మా, కాయలు! ఏడాది పంటే! పో!" నీళ్ళలోంచి అరిచింది జ్యోతి.

తల్లి గడని కోటేష్ చేతికిచ్చి పరుగెత్తింది.

వాన పెద్దదైంది. ఉరుములు లేవు, ఉంటే ఆపించేవాణ్ణి అన్నారు ఖాజావలి గారు గొడుగు కింద. ఒంటిగంట సీసా గడకి కట్టబోయేసరికి, తడిసిన వెదురు కోటేష్ చేతుల్లోంచి జారి వాలున కొట్టుకుపోయింది. సీసా ఒక్కటే చేతిలో మిగిలింది. జ్యోతి భుజాలు అప్పటికే బరువెక్కుతున్నాయి. జావ పడకపోతే ఇక సాగదని ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు.

అతను బూట్లు విప్పాడు. కళ్ళజోడు కోచ్ చేతికిచ్చాడు. సీసా మూతి పళ్ళతో కరుచుకుని దిగాడు.

వాన చుక్కలు కాలువంతా గుచ్చుతుంటే, నూనెడబ్బా లేకుండా, నిండు కాలువలో, అతను ఈదుకుంటూ వచ్చాడు. బారెడు దూరంలో ఆగి సీసాని నీళ్ళ మీద ముందుకు తోశాడు. ఆమె అందుకుంది.

"దగ్గరికి రాకండి! తాకితే ఏడు గంటలూ పోతాయి."

"తెలుసు. అందుకే ఇప్పుడు చెప్తున్నా. ఇప్పుడైతే మీరు నన్ను కొట్టలేరు, ఆగలేరు."

"ఏంటి?"

"మీరంటే నాకు చాలా ఇష్టం జ్యోతి గారూ. మనం పెళ్ళి చేసుకుందామా?"

జావ గొంతులో అడ్డం పడింది. సీసా వెనక్కి విసిరింది. "కాళ్ళు ఆపేశారు! మునుగుతున్నారు, చూసుకోండి!"

అతను గబగబా నీళ్ళు తన్నాడు. "జవాబో?"

"ఇంకా మూడు గంటలుంది. నా లెక్క తప్పించకండి, పోండి!"

అతను పోయాడు. లెక్క మాత్రం తప్పింది. బారకీ బారకీ మధ్య పాత మాటలు వచ్చి పడ్డాయి. రెండేళ్ళ క్రితం వినుకొండ నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ అబ్బాయి మంచివాడే. 'మీకు జీవితం ఇద్దామని వచ్చానండీ' అన్నాడు. జ్యోతి అతనికి కాఫీ ఇచ్చి పంపించింది. ఇతనిదీ ఆ జాలేనా? ఎప్పుడైనా తనని చూసి అయ్యో అన్నాడా? ఎంత వెతికినా ఒక్కసారి కూడా దొరకలేదు. ఆ మాటకొస్తే తనే అతన్ని చూసి ఎన్నోసార్లు అయ్యో అనుకుంది. నీళ్ళలోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఇంకో రెండు చుట్లు ఈదింది.

తొమ్మిదో గంటలో ఎడమ భుజం పట్టేసింది. వెల్లకిలా తిరిగి, ఒక చేత్తోనే నీళ్ళు తోస్తూ, స్వామీ అనుకుంది. స్వామి భుజం బాగుచేయలేదు. గట్టు మీద ఒకతను మాత్రం, ఆమె ఎంత వేగంతో పోతే అంత వేగంతో, ఆ బురదలో వట్టి కాళ్ళతో పక్కనే నడుస్తున్నాడు. బహుశా అడిగినదానికి స్వామి జవాబు అదేనేమో. నొప్పి తగ్గలేదు గాని, చెయ్యి మళ్ళీ లేచింది.

నాలుగింటికి విజిల్ మోగింది.

సుబ్బరావమ్మ కళ్ళం నుంచి అప్పుడే ఉరుకుతూ వచ్చింది. తడి కాయలు ఎత్తి ఎత్తి చేతులు ఎర్రగా మండుతున్నాయి. కూతుర్ని దగ్గరికి తీసుకోబోయి ఆగి, అరచేతులు గాలిలోకి ఎత్తి పట్టుకుని మోచేతులతోనే కావలించుకుంది. "ముట్టుకుంటే నీకు మంటెత్తుతుందే తల్లీ" అంటూ ఏడ్చింది, నవ్వింది.

"కాయలు?"

"పైపైన తడిశాయిలే. నువ్వు చాలు."

ఖాజావలి గారు సంతకం పెట్టి, సంచిలోంచి ఇంకో కాగితం తీశారు. "ఇది సముద్రం తాలూకు ఫారం. నీ వెంట వచ్చే పడవలో నాతోపాటు ఇంటి మనిషి ఒకరు ఉండాలి. ఎవరొస్తారు?"

"నాకు బస్సెక్కితేనే వాంతులు" అంది సుబ్బరావమ్మ.

"నాకంత ధైర్యం లేదయ్యా. పిల్ల సముద్రంలో ఉంటే చూడలేను" అన్నాడు వెంకటనారాయణ.

జ్యోతి తల తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అంది. "కోటేష్ అని రాయండి సార్."

గట్టు మీద అందరూ ఒక్కసారి ఏఈ గారి వైపు తిరిగారు. ఆయన ఒంటిమీది నీళ్ళింకా కారుతున్నాయి.

"ఇంటి మనిషి అయ్యుండాలమ్మా. బంధుత్వం రాయాలి. ఏమవుతాడు?" అన్నారు కోచ్ గారు.

సుబ్బరావమ్మ మండే చేతులు అలాగే ఎత్తి పట్టుకుని అతని ముందుకు వచ్చింది. "మీ అమ్మగారికి తెలుసా బాబూ? మా పిల్ల సంగతి, అంతా?"

"మొదటి రోజే ఫోన్‌లో చెప్పానండీ. ఆవిడకి ఒకటే అనుమానం."

తల్లి ముఖం మారింది. "ఏమని?"

"అంత గట్టి పిల్ల నిన్ను ఏం చూసి చేసుకుంటుందిరా, అని."

వెంకటనారాయణ ముందు నవ్వాడు. సుబ్బరావమ్మ కళ్ళు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి, భుజానికి రుద్దుకుంది. "రాసుకోండి సార్, మా అల్లుడని."

"మీకేమవుతాడో కాదమ్మా, అమ్మాయికి ఏమవుతాడో."

జ్యోతి కాగితం తీసుకుంది. పది గంటలు నాని ముడతలు పడ్డ వేళ్ళకి పెన్ను పట్టు దొరకలేదు. అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి. 'కాబోయే భర్త' అని రాసి, కాగితం అతని వైపు తిప్పింది.

"చదువుకుని సంతకం పెట్టండి."

"ఎక్కడ?" అన్నాడు, కళ్ళజోడు లేక కాగితం మీదకి వంగుతూ.

ఆమె చోటు చూపించింది. "ఇక్కడ. నా పేరు పక్కన."