అడక్కుండా పెట్టిన మంచినీళ్లు

"గన్ బల్ల మీద పెట్టు," అన్నాడు చీఫ్.

వదిన పెట్టింది. గూఢచారి ఏజెన్సీలో ఆమెకు ఆ కోడ్ నేమ్ ఊరికే రాలేదు. ఎదురు మాట్లాడని రోజంటూ లేదు.

"లిప్‌స్టిక్‌లో దాచిన కెమెరా కూడా."

అదీ పెట్టింది. "జడ పిన్నులైనా ఉంచుకోవచ్చా సార్?"

"వేళాకోళం ఆపు. నువ్వు వెళ్లేది పరాయి దేశం. మనం కోరితే అక్కడి కోర్టు సాక్షిని పిలిచింది. మన జడ్జి వీడియోలో వింటారు. నువ్వు కెమెరా టెక్నీషియన్‌గా వెళ్తున్నావు. అక్కడ గుండుసూది పట్టుకోవడానికి కూడా నీకు పర్మిషన్ లేదు."

సాక్షి ఒక టాక్సీ డ్రైవర్. రైల్వే స్టేషన్‌లో బాంబు పేలిన రోజు ముఠా నాయకుణ్ని, వాడి బ్యాగునీ అక్కడ దింపింది అతనే. తర్వాత ప్రాణభయంతో దేశం వదిలి పారిపోయాడు. రేపు సాయంత్రంలోగా అతను నోరు విప్పకపోతే నాయకుడికి బెయిలు, ఆ వెంటనే విమానం. ఆ పేలుడులో పోయినవాళ్లలో వదిన తమ్ముడొకడు.

"వాణ్ని లాకప్‌లోనే లేపేద్దామని మనవాళ్లు కొందరు..." చీఫ్ నసిగాడు.

"వీల్లేదు. నా తమ్ముణ్ని చంపింది వాడేనని కోర్టులో గట్టిగా చెప్పాలి. వాడు నిలబడి వినాలి."

చీఫ్ ఫైలు మూశాడు. "ప్రమాదమనిపిస్తే సాక్షి మంచినీళ్లు అడుగుతాడు. అదే కోడ్. అది తెలిసింది మనిద్దరికీ, అతనికీ, రెండు కోర్టుల మధ్య సమన్వయం చూసే అక్కడి లైజన్ ఆఫీసర్‌కీ. అంతే."

మర్నాడు ఆ లైజన్ ఆఫీసర్‌ని చూడగానే వదిన మనసులో సెంటుబాబు అని పేరు పెట్టేసింది. మనిషి కంటే ముందే వాసన వచ్చింది మరి! పట్టు టై, మెరిసే పళ్లు. కోర్టు గుమస్తాలు ఫైళ్లు వదిలేసి చూస్తున్నారు.

"కెమెరా వెనక మీరుంటే సాక్ష్యం నేనే చెప్పేస్తానండీ," అని కన్ను కొట్టాడు.

"చెబుదురుగాని, ముందు ఆ వైరు మీంచి కాలు తీయండి."

చిన్న గది. గోడకున్న తెర మీద మన జడ్జి, బోనులో ముఠా నాయకుడు. రూలు ప్రకారం వదిన కెమెరాను గదంతా తిప్పింది. సాక్షి, తను, లైజన్ ఆఫీసర్ తప్ప ఎవరూ లేరని చూపించింది. తలుపు బయట లేడీ ఇన్‌స్పెక్టర్ కాపలా ఉంది. పక్క హాల్లో ఆ దేశపు మేజిస్ట్రేటు కూడా వీడియో చూస్తున్నారు. ఆయన ఆర్డర్ లేనిదే పోలీసులు లోపలికి రాకూడదు.

సెంటుబాబు ఓ గ్లాసుడు నీళ్లు తెచ్చి డ్రైవర్ ముందు పెట్టాడు. "గొంతు తడుపుకోండి పెద్దాయనా." తర్వాత ఒళ్లో ఫైలు పెట్టుకుని కెమెరా వెనక కూర్చున్నాడు.

"బోనులో ఉన్న వ్యక్తి మీకు తెలుసా?" జడ్జి అడిగారు.

డ్రైవర్ పెదవులు వణికాయి. "తె... తెలియదండీ."

నాయకుడు నవ్వాడు. వాడి లాయరు లేచాడు. "సాక్షే తెలియదంటున్నాడు సార్. బెయిలు ఆర్డర్ ఇప్పించండి!"

జడ్జి కలం అందుకున్నారు.

వదిన సాక్షి వైపు తిరిగింది. డ్రైవర్ గుడ్లప్పగించి నీళ్ల గ్లాసునే చూస్తున్నాడు. గ్లాసు నిండా నీళ్లున్నాయి. ఎదురుగా నీళ్లు పెట్టుకుని ఇంకేం నీళ్లు అడుగుతాడు పాపం! ఓరి దుర్మార్గుడా, నువ్వూ ముఠా మనిషివేనా! ఓరగా చూసింది. సెంటుబాబు ఫైలు కింద నుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ గొట్టం డ్రైవర్ ఛాతీకి గురిపెట్టి ఉంది.

"జడ్జిగారూ, గది ఇంకోసారి చూపించమంటారా?"

కలం ఆగింది. "చూపించండి."

"తిప్పావో, చస్తావ్," సెంటుబాబు పళ్ల మధ్య నుంచి అన్నాడు. గొట్టం ఆమె వైపు తిరిగింది.

వదినకు తమ్ముడు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

"కాల్చు బాబూ! రెండు దేశాల కోర్టులు లైవ్‌లో చూస్తాయి. ఇక సాక్షులతో పనే ఉండదు!"

కెమెరా గిర్రున తిప్పింది.

తెర మీద సెంటుబాబు, చేతిలో పిస్టల్. పక్క హాల్లోంచి మేజిస్ట్రేటు కేక. తలుపు దభాలున తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ అతని మీద పడేసరికి పేలిన తూటా పైకప్పుకు తగిలి వదిన జుట్టు నిండా సున్నం రాలింది.

డ్రైవర్ గ్లాసును పక్కకు నెట్టి లేచాడు. "తెలుసండీ! వీడే! ఆ బ్యాగు నా డిక్కీలో స్వయంగా వాడే పెట్టాడు!"

బెయిలు లేదన్నారు జడ్జి. ముఠా నాయకుడు నిలబడి విన్నాడు. వదిన ఎవరు చూస్తే నాకేంటన్నట్టు వెక్కి వెక్కి ఏడ్చింది.

సెంటుబాబు వీపు మీద మోకాలు మోపిన ఇన్‌స్పెక్టర్, వదిన కాళ్ల దగ్గర పడ్డ పిస్టల్ చూపించింది. "అలా నిలబడతారేంటండీ? అది కాస్త అందుకోండి!"

వదిన కళ్లు తుడుచుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"అమ్మో! మీ దేశంలో నాకు గుండుసూదికి కూడా పర్మిషన్ లేదండీ."