ఒక్కటే ఇంజక్షన్

“ఆగరా!”

వాడు ఆగడం లేదు!

ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు. చీకటి పడుతోంది. ముందు ఐస్‌వాడు... చంకలో ప్లాస్టిక్ డబ్బా. వెనక టాక్సీ డ్రైవర్... చేతిలో టైర్లు విప్పే ఇనప రాడ్.

పొద్దుట్నుంచీ వాడి కోసమే తిరుగుతున్నాడు డ్రైవర్. తిండి లేదు. కాళ్ళు పీకేస్తున్నాయి. ఎక్కడైనా కూలబడి పడుకోవాలనుంది.

కానీ ఆ డబ్బాలో ఉన్నది కూతురి ప్రాణం.

ఒక్కటే ఇంజక్షన్!

పాపకి మెడ కూడా నిలవడం లేదు. నూటికో కోటికో ఒక్కరికి వచ్చే జబ్బట. అలాంటిది ఒకే వార్డులో, పక్కపక్క మంచాల మీద ఇద్దరికి! రెండో మంచం ఈ ఫ్యాక్టరీలో పనిచేసే ఐస్‌వాడి కొడుకుది.

ఇంజక్షన్ ఖరీదు కోట్లలో. తండ్రులిద్దరూ కలిసే చందాలడిగారు. ఒకే బ్యానర్, దాని మీద ఇద్దరు పిల్లల ఫొటోలు. సిగ్నళ్ళ దగ్గర, బస్టాండులో, ఆఫీసుల గేట్ల ముందు... ఛీ కొట్టినవాళ్ళున్నారు. చేతి ఉంగరం తీసిచ్చినవాళ్ళూ ఉన్నారు. తిరిగీ తిరిగీ చెప్పులరిగాయి.

చివరికి పోగైంది ఒక్క ఇంజక్షన్‌కే.

చీటీలు వేశారు. పాప పేరొచ్చింది.

“పోనీలే అన్నా, ముందు పాపకే కానియ్” అన్నాడు ఐస్‌వాడు. మందు తేవడానికి పొద్దున తోడు కూడా వచ్చాడు. మందు తీసుకుని తిరిగొచ్చే దారిలో పెట్రోల్ బంకు దగ్గర డ్రైవర్ దిగాడు. అప్పుడే నర్సు ఫోన్.

“చల్లగా ఉంచండి. గడ్డ మాత్రం కట్టకూడదు. కట్టిందా, ఇక అది ఉత్త నీళ్ళే!”

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి... సీట్లో మందు పెట్టె లేదు. వాడూ లేడు!

సందు చివర గోడ. ఐస్‌వాడు జారి పడ్డాడు!

డ్రైవర్ రాడ్ ఎత్తాడు.

“కొట్టన్నా.” వాడి గొంతులో భయం లేదు. అలసటే. “ఒక్క దెబ్బకి పోయేలా కొట్టు.”

“మందేదిరా, ద్రోహీ!”

“ఇందులోనే ఉంది. ఏ ఆస్పత్రికెళ్ళినా మావాడికి వెయ్యనన్నారు. పెట్టె మీద పాప పేరుందట. ఇంకో బిడ్డకి వేస్తే జైలట. నీకు ఇచ్చేద్దామనే బయల్దేరా.”

“మరెందుకు పరిగెత్తావ్?”

“నువ్వు రాడ్ పట్టుకుని కారు దిగితే... కుర్చీ వేసి కూర్చోబెట్టమంటావా?”

నవ్వు రాబోయి ఏడుపొచ్చింది డ్రైవర్‌కి. రాడ్ కింద పడేశాడు. ఇద్దరూ గోడకి చేరగిలబడ్డారు.

వీడి చీటీ వచ్చి ఉంటే? తనైనా ఇదే చేసేవాడేమో. ఎవణ్ణని తిట్టాలి?

“ఇంకో చీటీ లేదురా ఇప్పుడు” అన్నాడు డ్రైవర్. “ముందు పాపకి వేయిద్దాం. రేపట్నుంచి మీవాడి కోసం మళ్ళీ రోడ్డెక్కుదాం. ఇద్దరం.”

ఐస్‌వాడు మొహం తుడుచుకున్నాడు.

“మందు పాడవలేదు కదా?”

“భలేవాడివన్నా!” ఈసారి వాడి మొహం వెలిగింది. “చిన్నప్పట్నుంచీ ఐసులోనే బతుకుతున్నా. ఒక్క క్షణం వేడి తగలనిస్తానా? పెట్టెలో చల్లదనం చాలదని సీసా తీసి ఇందులో పెట్టా. ఉత్త ఐసు అయితే సరిపోదని రాళ్ళుప్పు కలిపి కూరా. మా ఫ్యాక్టరీ పద్ధతి! ఉప్పు పడితే ఏదైనా నిమిషాల్లో గడ్డే!”

డ్రైవర్ డబ్బా లాక్కున్నాడు.

మూత లాగాడు. సీసా తీశాడు. ఊపాడు.

లోపల ఏదీ కదల్లేదు.

రాయి!

“చూశావా, ఎలా బిగుసుకుందో!”

నర్సు చెప్పిన ముక్క వీడు వినలేదు. చెప్పే సందు వీడు ఇవ్వలేదు...

ఫోన్ మోగింది. భార్య!

“దొరికిందా? పాపని లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు... ఏవండీ, వినపడుతోందా?”

డ్రైవర్ సీసాని ఇంకోసారి ఊపాడు.

ఐస్‌వాడు మోచేత్తో పొడిచాడు.

“చెప్పన్నా! దొరికిందని చెప్పు వదినకి!”