హీటరు పీకిన మెకానిక్

"మూడేండ్ల కిందట ఈ జీపుకు హీటరు పీకింది నువ్వేనా?"

బండి కింద పడుకుని ఉన్న ఓబులేసుకు ముందు రెండు రబ్బరు చెప్పులు కనిపించాయి. అతను మెల్లగా బయటికి జరిగి చూస్తే, చెప్పుల పైన నడుం మీద చేతులు పెట్టుకుని కళావతి నిలబడి ఉంది.

"నేనే. ఎండాకాలం ఏసీ బాగా చల్లబడాలని హీటరు పైపులు తీసి పక్కకు కట్టేస్తాం. కువైట్‌లో అందరూ చేసే పనే."

"ఆ చలికాలం మామా, అదే మా ఇంటి యజమానమ్మ వాళ్లతో ఎడారికి పోయినాం. చంటిపాపకు నా స్వెట్టరు చుట్టి, దావ పొడుగునా వణుక్కుంటా కూచున్యా. అప్పట్నుంచీ నిన్ను తిట్టుకుంటానే ఉండా."

"పేరు తెలీకుండానే?"

"పేరెందుకు? హీటరోడు అంటే సాలదా?"

ఆమె వెనకాల అన్వర్ బాషా నవ్వు ఆపుకోలేక చచ్చిపోతున్నాడు. రాయచోటి మనిషి, కళావతి పనిచేసే ఇంట్లోనే డ్రైవరు. అసలు సంగతి అతనే చెప్పాడు. ఇరాక్ సైన్యం వచ్చిన నెలకు మామా కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది. పోతూ పోతూ వీళ్ల పాస్‌పోర్టులు, ఈ జీపు ఇచ్చి, సైనికుల పాలయ్యేకంటే మీరే తీసుకుపోండి అంది. ఇప్పుడు బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరాలి. అక్కడ విమానం దొరుకుతుంది.

"నవంబరు నెల భాయ్. జోర్డాన్ దావలో రాత్రిపూట నీళ్లు గడ్డకడతాయంట. వంటచేసే పెద్దక్కకు ఆయాసం. హీటరు లేకుంటే ఆమెను తీసుకపోలేం."

"నాలుగు రోజులియ్యండి," అన్నాడు ఓబులేసు.

కువైట్ నగరం పక్కన హవల్లీలో ఆ వీధి మొత్తానికి సగం షట్టరు ఎత్తి ఉన్న దుకాణం ఈ గ్యారేజీ ఒక్కటే. ఇంటికి పోయే మనవాళ్ల బండ్లు అప్పటికి ఏడు సిద్ధం చేసి పంపాడు ఓబులేసు. ఏడింటివాళ్లూ రమ్మన్నారు. "ఎనక బండికొస్తాలే" అనేవాడు. ఊళ్లో అతనికి ఎవరూ మిగల్లేదు. పోయి ఎవరి ముందు దిగాలన్నదే అతని దిగులు. అది ఎవరితోనూ చెప్పుకోలేదు.

మొదటిరోజు రేడియేటర్లో ఉన్న వట్టి నీళ్లు పారబోసి, చలికి గడ్డకట్టని కూలెంట్ పోశాడు. బ్యాటరీ మార్చాడు. టైర్లలో గాలి ఎంత తగ్గిస్తే ఇసుకలో దిగబడదో అన్వర్ బాషాకు చూపించాడు. కళావతి పానాలు అందిస్తూ, మధ్యమధ్యలో తిడుతూ, మధ్యాహ్నం ఖుబ్బూస్ రొట్టెలో ఇంటి కారం పెట్టి ఇచ్చింది. ఆ కారం తిన్నాక తిట్లు చప్పగా అనిపించాయి ఓబులేసుకు.

సాయంత్రం ఇంజన్లో నుంచి గుప్పిట్లో పట్టే నల్లటి ముక్కొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రోటరు. ఇది లేకుంటే బండి స్టార్ట్ కాదు. తీసకపోయి దాచిపెట్టు."

"ఇంత ముక్కతో ఇంత బండి ఆగిపోతాదా?"

ఆగిపోతుందని మరునాడు పొద్దున్నే తెలిసింది. కళావతి రాకముందే ఇద్దరు సైనికులు వచ్చి, తాళం లాక్కుని, జీపును గంటసేపు గిర్రుగిర్రుమనిపించి, చివరికి తాళం పారేసి, టైరును ఒక తన్ను తన్ని పోయారు. ఆ కథ విని కళావతి కొంగు ముడి విప్పి రోటరు తీసి, చంటిపిల్లను అందించినట్టు అందించింది. దాన్ని ఎలా బిగించాలో నేర్చుకుంది. సాయంత్రం తీయడం, పొద్దున బిగించడం ఇక ఆమె పనే.

మూడోరోజు వాన పడింది. ఎండకు అప్పడంలా విరిగిన వైపర్ రబ్బర్లు మార్చి, ఎలా తుడుస్తున్నాయో చూద్దామని ఇద్దరూ జీపులో కూర్చున్నారు. హీటరు పైపులు ఆ పొద్దునే కలిపాడు. వెచ్చటి గాలి వచ్చి ఆమె ముంగురులను కదిలించింది. ఓబులేసు వైపర్లను చూడాల్సినవాడు ముంగురులను చూశాడు.

"ఎట్లుండాది?" అన్నాడు.

"ఊ," అంది. బాగుందని అంటే ఏం పోయిందో. "నువ్వు ఏ బండికి వస్తావ్?"

"ఎనక బండికి."

"ఎనక బండి ఎవురిది?"

ఓబులేసు వైపర్లు ఆపేశాడు. నాకూ చోటివ్వమని నోటిదాకా వచ్చింది. బండి బాగుచేసి ఆ మాట అడిగితే, పనికి కూలిగా పిల్లనడిగినట్టు ఉంటుందని మింగేశాడు. ఆ పిల్ల లేకుండా ఈ గ్యారేజీలో ఒక్కరోజు కూడా ఉండలేనని మాత్రం అతనికి అప్పుడే తెలిసిపోయింది.

ఐదోరోజు తెల్లవారగానే ప్రయాణం. పెద్దక్కను రెండు దుప్పట్లలో చుట్టి వెనక కూర్చోబెట్టారు. "రోటరు బిగించినా," అని కళావతి కూడా ఆమె పక్కన ఎక్కింది. అన్వర్ బాషా తాళం తిప్పాడు. గిర్రుగిర్రుమంది. మళ్లీ తిప్పాడు. అంతే.

ఓబులేసు జీపు ముందుకొచ్చాడు. ఏడు బండ్లు పంపినవాడు, ఈ ఒక్కదాంట్లోనే తప్పు చేశానా అనుకుంటూ బానెట్ ఎత్తి మూత విప్పాడు. రోటరు లేదు.

"కళావతీ, రోటరేది?"

"కారం డబ్బాలో ఉండాది."

"ఇయ్యి."

"నీ సంచి తెచ్చుకో. ఇస్తా."

పెద్దక్క దగ్గు ఆపుకుంది. అన్వర్ బాషా అద్దంలో మీసం సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"నాకు ఆడ ఎవురూ లేరు కళావతీ," అన్నాడు ఓబులేసు. ఇన్నాళ్లకు ఆ మాట నోరు దాటింది.

"నేనుండా గదా." డబ్బా గుండెకు ఆనించుకుంది. "నువ్వు రాకుంటే నాకు ఈ జీపొద్దు, విమానమొద్దు. ఎవురో తెలీకుండానే మూడేండ్లు తిట్టినా. తెలిసినాక నిన్నిడిసి ఎట్ల పోతా?"

"తొందరగా తెచ్చుకో నాయినా," అంది పెద్దక్క దుప్పట్లోంచి. "పెండ్లి మాటలు దావలో మాట్లాడుకుందాం. నాకు చలేస్తాంది."

సంచి సర్దడానికి రెండు నిమిషాలు పట్టింది, షట్టరుకు తాళం వేయడానికి ఒకటి. కారం డబ్బాలోంచి తీసిన ప్లాస్టిక్ కవరు విప్పి రోటరు బిగించేటప్పుడు ఆ ఘాటుకు ఓబులేసు కళ్లవెంట నీళ్లు కారాయి. అది కారమేనని తను చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

"యల్లా, పోదాం," అన్నాడు అన్వర్ బాషా. మొదటి తిప్పుకే జీపు అందుకుంది.

హవల్లీ దాటేసరికి లోపలంతా వెచ్చబడింది. కళావతి స్వెట్టరు విప్పి మడిచి ఒళ్లో పెట్టుకుంది. ముందు సీట్లో ఉన్న ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు.

"బాగుండాది," అంది కళావతి.